మీ రికార్డులో పాటేమీ తగ్గలేదండీ

బ్రిటిష్ రాక్ బృందం స్టోన్ రోజెస్ మొదటి ఆల్బమ్ ఎల్పీ రికార్డులో ‘ఫూల్స్ గోల్డ్’ పాట లేదు, నకిలీది అంటగట్టారేమో అని అడిగారు కదా. టెన్షన్ పడకండి. 1989లో బ్రిటన్‌లో వచ్చిన అసలు రికార్డులో 11 పాటలే. ‘ఫూల్స్ గోల్డ్’ ఆ నవంబరులో సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా వచ్చింది, అమెరికా ప్రతుల్లో తర్వాత చేర్చారు. కావాలంటే 12 అంగుళాల సింగిల్ వెతకండి, దాదాపు పది నిమిషాల పూర్తి పాట ఉంటుంది.

నన్నడిగితే మీ దగ్గరున్నదే సరైనది. అందులో చివరి పాట ‘ఐ యామ్ ద రిసరెక్షన్’లో పాడటం అయిపోయాక జాన్ స్క్వైర్ గిటార్, మానీ బేస్, రెనీ డ్రమ్స్ నాలుగు నిమిషాల పాటు ఒకదాన్నొకటి తరుముతాయి. దాని తర్వాత ఇంకేమీ వినబుద్ధి కాదు.

అన్నట్టు, అందులోని ‘డోంట్ స్టాప్’ పాట వింతగా వినిపించినా కంగారుపడకండి. అదే ఆల్బమ్‌లోని ‘వాటర్‌ఫాల్’ పాట టేపునే వెనక్కి తిప్పి, దాని మీద కొత్తగా పాడారు.