తొమ్మిది మంది దాకా ఒక లెక్క, పదో మనిషి నుంచి ఇంకో లెక్క

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు "పెద్దమ్మా, పచ్చళ్ళ పనికి ఇంకో ముగ్గుర్ని పెట్టుకుంటున్నా, జీతాల విషయంలో ఏమన్నా చూసుకోవాలా" అని అడిగావు, నేనేమో కుక్కర్ కూస్తోందని పెట్టేశా గానీ రాత్రంతా అదే ఆలోచన. ఆటోనగర్లో మీ పెదనాన్న లారీ బాడీ షెడ్డుకి ఇరవై రెండేళ్ళు జీతాల లెక్క రాసింది నేనే కదా, ఆయనకి వెల్డింగ్ తెలుసు, చెక్కపని తెలుసు, శనివారం ఎవడికి ఎంత ఇవ్వాలో మాత్రం లోపలికొచ్చి నన్నే అడిగేవాడు. ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

ముందు మనుషుల్ని లెక్కపెట్టు. నువ్వు "నా దగ్గర తొమ్మిది మందే" అంటావు, మరి ఎండాకాలం ఆవకాయ సీజన్లో కాయ కొట్టడానికి వచ్చే ఆడవాళ్ళో? వాళ్ళు రోజు కూలీకి వస్తారు కాబట్టి లెక్కలోకి రారనుకుంటారు అందరూ, వస్తారమ్మా. ఏడాదిలో ఏదో ఒక్కరోజు పది మంది పనిచేసినా ఈఎస్ఐ కిందకి, అదే పనివాళ్ళ వైద్య బీమా కిందకి వస్తావు, ఇరవై అయితే పీఎఫ్, అంటే వాళ్ళ పేరున నెలనెలా జమయ్యే పొదుపు, అది కూడా. ఒకసారి వచ్చాక మళ్ళీ ఆరుగురికి తగ్గినా బయటపడలేవు. ఈ ముగ్గురితో నీకు పన్నెండు, అంటే ఈఎస్ఐ ఇప్పుడే, 15 రోజుల్లో రిజిస్టర్ చేయించు. పీఎఫ్ ఎలాగూ ఇంకో సంవత్సరంలో వస్తుంది, నీ పచ్చళ్ళు అలా పోతున్నాయి మరి, దిష్టి తగలకూడదు.

ఈఎస్ఐ అంటే భయపడకు. జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకే, వాళ్ళ దగ్గర ముప్పావు శాతం కోస్తావు, నువ్వు మూడుంపావు శాతం వేస్తావు. మిక్సర్ దగ్గర నిలబడే నాగమణికి 14,000 ఇస్తున్నావు కదా, ఆమె నుంచి 105, నీ జేబులోంచి 455, అంతే. దానికి బదులు ఆమెకీ ఇంట్లోవాళ్ళకీ వైద్యం, జబ్బు చేసి డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం, కాన్పుకి 26 వారాల జీతం. మా షెడ్డులో గ్రైండర్ చక్రం పగిలి ఒక కుర్రాడి అరచెయ్యి చీలింది, గుణదల ఈఎస్ఐ ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళాం, నా చీర కొంగు మొత్తం తడిసిపోయింది. వాడికి పని చెయ్యలేని రోజులన్నిటికీ 90 శాతం ఈఎస్ఐ వాళ్ళే ఇచ్చారు. వాడు చేరి పదకొండు రోజులే అయింది, ఈఎస్ఐ నంబర్ మాత్రం చేరిన రోజే తీయించా కాబట్టి సరిపోయింది. "నెల చూసి పెడదాంలే, ఉంటాడో పోతాడో" అని మీ పెదనాన్న అన్నాడు, ఆయన మాట విని ఉంటే ఆ ఖర్చంతా మా నెత్తినే పడేది, పైగా దెబ్బ తగిలాక నంబర్ తీయిస్తే ఆఫీసులో ఎన్ని ప్రశ్నలు వేస్తారో. అందుకే చెప్తున్నా, మనిషి పనిలోకి దిగేముందే ఆధార్ తీసుకో.

ఆ ఆధార్ దగ్గరే అసలు తలనొప్పి. మనవాళ్ళకి ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనకుంటుంది, ఒకచోట ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకులో పెళ్ళికి ముందు ఇంటిపేరు, ఆధార్లో పెళ్ళయ్యాక ఇంటిపేరు, పుట్టినతేదీ అయితే చెప్పక్కర్లేదు, సగం మందికి జనవరి 1. ఆ తేడాలన్నీ తర్వాత పీఎఫ్ డబ్బు తీసుకునేటప్పుడు బయటపడతాయి, అప్పుడు నీ గుమ్మం దగ్గరకొచ్చి ఏడుస్తారు. పేరు ఆధార్లో ఎలా ఉందో అలాగే ఎక్కించు, నువ్వు పిలిచే పేరు కాదు.

పీఎఫ్ సంగతి ఒకటి చెప్పాలి, ఇది నా కడుపుమంట. మాకు ఒక ఆయన ఉండేవాడు, నెలనెలా వచ్చి జీతాల కాగితం, డబ్బు తీసుకెళ్ళి పీఎఫ్ కట్టేవాడు, రసీదులు కూడా తెచ్చిచ్చేవాడు, నేను ఫైల్లో గుచ్చుకునేదాన్ని. మా పాత పెయింటర్ ఒకాయన కూతురి పెళ్ళికని పీఎఫ్ తీసుకుందామని వెళ్తే ఏడు నెలల డబ్బు లేదు! ఆయన నా ముందు కుర్చీలో కూడా కూర్చోలేదు, నిలబడే "అమ్మగారూ, నా జీతంలో కోశారు కదా" అన్నాడు. ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఆ కట్టేవాడు ఊరు వదిలేశాడు, మేం మొత్తం మళ్ళీ కట్టాం, ఏడాదికి 12 శాతం లెక్కన వడ్డీ, దాని మీద డ్యామేజెస్, అదే ఆలస్యానికి జరిమానా, వేరే, రెండు గాజులు పోయాయి. పనివాడి జీతంలో కోసిన డబ్బు నీది కాదమ్మలూ, కోసి కట్టకపోతే నమ్మకద్రోహం కేసు అవుతుంది, ఏజెంట్ తిన్నాడంటే వినరు. ఇప్పుడు నీకు సుఖం, చలాను నీ బ్యాంకు ఖాతా నుంచే ఆన్‌లైన్లో కట్టొచ్చు, ఎవరి చేతికీ డబ్బు ఇవ్వకు, కట్టాక నాగమణిని తన ఫోన్లోనే పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూపించమను.

పీఎఫ్ వచ్చినరోజు లెక్క ఇదీ: ఆమెది 12 శాతం, నీది 12 శాతం, పైన ఇన్సూరెన్సుకి అర శాతం, పీఎఫ్ ఆఫీసు చార్జీ అర శాతం, ఆ చార్జీ నెల మొత్తానికి కనీసం 500. 14,000 జీతానికి ఈఎస్ఐ కూడా కలిపితే నీకు పడేది 16,275, ఆమె చేతికి వెళ్ళేది 12,215. ఈ రెండో అంకె ముందే చెప్పకపోతే మొదటి నెల గొడవే. "కోత లేకుండా చేతికిచ్చెయ్ అక్కా" అంటారు, కరగకు. బేసిక్ 6,000 చూపించి మిగతాది అలవెన్సులు అని రాసి పీఎఫ్ తగ్గించే తెలివితేటలు కూడా ఎవరో చెప్తారు నీకు, 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు, అదే కార్మిక చట్టాలు, వచ్చాయి, అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటినదంతా జీతం కిందే లెక్క. చేరేటప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి, మానేసినవాళ్ళకి రెండు పని రోజుల్లో లెక్క తేల్చాలి, కోపంలో వెళ్ళిపోయినా సరే.

తేదీలు క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకో. జీతాలు 7లోపు, ప్రొఫెషనల్ ట్యాక్స్ 10, ఈఎస్ఐ పీఎఫ్ 15. ప్రొఫెషనల్ ట్యాక్స్ అంటే జీతం మీద రాష్ట్రం వేసే పన్ను, మన రాష్ట్రంలో జీతం 15,000 దాటితే నెలకి 150, 20,000 దాటితే 200, నీకు సూపర్‌వైజర్ ఒక్కడికే. టీడీఎస్, అదే జీతంలో కోసే ఇన్‌కమ్ ట్యాక్స్, నీ మనుషులెవరికీ రాదులే, వదిలెయ్.

అడ్వాన్సుల గురించి. సంక్రాంతికి, స్కూలు ఫీజులకి అడుగుతారు, ఇవ్వు, లేదంటే నల్లపాడు రోడ్డులోనే ఇంకో షెడ్డుకి పోతారు. కానీ వేరే పుస్తకం పెట్టి సంతకం తీసుకో, నెలకింతని మాట్లాడుకుని కోసుకో. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. ఒకడు పదిహేను వేలు తీసుకుని ఒకే నెలలో కోసెయ్యమంటాడు, ఆ నెల పదో తారీఖుకే మళ్ళీ చెయ్యి చాస్తాడు, చూశాగా.

మస్టర్, అదే హాజరు పుస్తకం, మాత్రం నువ్వే రాయి. వాట్సాప్‌లో "ఈరోజు ఎనిమిది మంది" అని పెడితే అది మస్టర్ అవదు. పేరు, వచ్చిన టైము, వెళ్ళిన టైము, సగం రోజైతే సగం అని. సీజన్లో రాత్రి తొమ్మిది దాకా ఉంచుతావు, ఆ ఓవర్‌టైము గంటకి రెండింతలు ఇవ్వాలి, ఆ టైము రాసి ఉంటేనే ఇవ్వగలవు, రాసి లేకపోతే వాళ్ళు ఒకటి చెప్తారు నువ్వొకటి అంటావు. బోనస్, గ్రాట్యుటీ సంగతి మనిషిని కలిసినప్పుడు, అవి కూర్చుని లెక్కేసుకోవాల్సినవి.

ఆదివారం పొద్దున్న పల్లెవెలుగులో వస్తా, మీ అమ్మకి చెప్పు. నేను వచ్చేలోపు పన్నెండు మంది ఆధార్ జిరాక్సులు, బ్యాంక్ పుస్తకం మొదటి పేజీలు పక్కపక్కన పెట్టి, పేరు తేడా ఉన్నవాటికి మూల మడిచి ఉంచు, అక్కడి నుంచి మొదలుపెడదాం.

మీ పెద్దమ్మ