ఎనిమిదో తరగతి పాప, దుబాయ్ స్కూలు, ఎంబీబీఎస్ సీటు

ప్రశ్న: మా వారు నవంబరులో దుబాయ్‌లో ఉద్యోగంలో చేరారు. ఏప్రిల్‌లో మమ్మల్నీ తీసుకెళ్తానంటున్నారు. పాప ఇక్కడ కూకట్‌పల్లిలో స్టేట్ సిలబస్‌లో ఎనిమిది చదువుతోంది. డాక్టర్ అవుతానంటుంది. బాబు యూకేజీ. అక్కడ తెలిసినవాళ్లంతా బ్రిటిష్ స్కూల్లో వేయమంటున్నారు. పిల్లల ఫీజుల్లో కొంత కంపెనీ ఇస్తుందట. ఏ స్కూలు మంచిది?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ పిల్లలిద్దరికీ ఒకే జవాబు కుదరదు. బాబు సంగతి తేలిక కాబట్టి ముందు అది చెప్పేస్తాను. ఒకటో తరగతి పిల్లాడు ఏ సిలబస్‌లో మొదలుపెట్టినా తర్వాత మారడం కష్టం కాదు. ఇంటికి దగ్గరగా ఉండి, మీకు భారం కాని ఫీజున్న స్కూలు చాలు. బ్రిటిష్ స్కూళ్లలో మన ఒకటో తరగతిని ఇయర్ 2 అంటారు. ఒక క్లాసు పైకి ఎక్కించారని మురిసిపోకండి, కంగారూ పడకండి.

అసలు చిక్కు పాపది. మీరు స్కూలు గురించి అడిగారు గానీ, పన్నెండో తరగతి అయ్యాక పాప ఎక్కడ చదవాలనుకుంటున్నారో ముందు తేల్చుకోవాలి. తెలంగాణలో కన్వీనర్ కోటా, అంటే ర్యాంకుల మీద తక్కువ ఫీజుకిచ్చే మెడికల్ సీటుకు లోకల్ అనిపించుకోవాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. 2024లో ఈ నిబంధన మీద పెద్ద గొడవే జరిగింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. బదిలీల మీద రాష్ట్రం బయట పనిచేసే కొన్ని రకాల ప్రభుత్వోద్యోగుల పిల్లలకు మినహాయింపు ఉంది. ప్రైవేటు ఉద్యోగం మీద దుబాయ్ వెళ్లినవాళ్లకు లేదు. మేం పుట్టి పెరిగింది ఇక్కడే, ఆధార్ ఇక్కడిదే అంటే కుదరదు.

అంటే వచ్చే ఏప్రిల్‌లో పాప విమానం ఎక్కితే ఆ కోటా పోయినట్టే. అప్పుడు ముఖ్యంగా మిగిలేవి: ప్రభుత్వ కాలేజీల్లో దేశమంతటి పిల్లలూ పోటీపడే 15 శాతం ఆలిండియా సీట్లు, లేదంటే ఎన్నారై కోటా, లేదంటే విదేశీ చదువు. కన్వీనర్ కోటాలో అయితే ప్రైవేటు కాలేజీలో కూడా ఏడాదికి 60 వేల రూపాయల ఫీజు. ఎన్నారై కోటాలో ఇరవై లక్షల పైమాటే. దుబాయ్ జీతం మీద ఆశ పెట్టుకునే ముందు ఈ తేడా ఒకసారి కాగితం మీద వేసుకోండి.

‘అయితే పదో తరగతి దాకా ఇక్కడే ఉంచి తర్వాత తీసుకెళ్దాం’ అనుకుంటారేమో. అప్పుడు కూడా లోకల్ పోతుంది, ఎందుకంటే నాలుగేళ్లూ పూర్తి కావు. తొమ్మిది ఇక్కడ చదివించి పదికి తీసుకెళ్లడం మరీ ఇబ్బంది. అక్కడి ఇండియన్ స్కూళ్లలో ఎక్కువగా ఉండేది మన కేంద్ర బోర్డు సీబీఎస్‌ఈ. వేరే బోర్డు నుంచి వచ్చిన పిల్లల్ని అది మామూలుగా పదో తరగతిలో చేర్చుకోదు. కాబట్టి వెళ్లాలంటే తొమ్మిదిలోనే వెళ్లాలి. లేదంటే తల్లీ పిల్లలు నాలుగేళ్లు ఇక్కడ ఉండాలి.

నన్నడిగితే వెళ్లమనే చెబుతాను. పదమూడేళ్ల పిల్ల డాక్టరంటే, పద్నాలుగో ఏట ఇంకేదో అంటుంది. దానికోసం నాలుగేళ్లు తండ్రిని వీడియో కాల్‌లో చూపించడం నాకు ఇష్టం లేదు. అయితే పాప పట్టుదల నిజంగా గట్టిదై, ఎన్నారై ఫీజు మీవల్ల కాదనుకుంటే మాత్రం ఇక్కడే ఉండడం తప్పేమీ కాదు. ఈ మాట మీరూ మీ వారూ తేల్చేసుకుని చివర్లో పాపకు చెప్పకండి. ముందే కూర్చోబెట్టి అడగండి.

వెళ్లేటట్టయితే పాపకు సీబీఎస్‌ఈనే మేలు. బ్రిటిష్ స్కూళ్లు చెడ్డవని కాదు. అక్కడ చదువు ఏడాది ఆగస్టు చివర మొదలవుతుంది. మన తొమ్మిదో తరగతికి సమానమైన ఇయర్ 10లోనే, మన పదో తరగతి పరీక్షలాంటి ఐజీసీఎస్‌ఈకి రెండేళ్ల కోర్సు పట్టాలెక్కుతుంది. స్టేట్ సిలబస్ నుంచి వెళ్లిన పిల్ల కొత్త ఊరు, కొత్త భాష, కొత్త పరీక్ష మూడింటినీ ఒకేసారి మోయాలి. నీట్ రాయాలంటే ఆపైన మన ఇంటర్ లాంటి ‘ఎ-లెవెల్స్’లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ తీసుకోవాలి, మళ్లీ సీబీఎస్‌ఈ పిల్లలు చదివే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలూ విడిగా చదువుకోవాలి. పైగా మీ వారి ఉద్యోగం తేడా కొట్టి మధ్యలో తిరిగి రావాల్సి వస్తే, సీబీఎస్‌ఈ పిల్ల హైదరాబాద్‌లో మరో సీబీఎస్‌ఈ స్కూలుకి మారుతుంది. ఐజీసీఎస్‌ఈ సగంలో వదిలేసిన పిల్లకు అంత సులువుగా చోటు దొరకదు.

ఈ ఉద్యోగం మాట ఊరికే అనలేదు. అక్కడి చట్టం ప్రకారం ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉండొచ్చు. నవంబరులో చేరారు కాబట్టి ఏప్రిల్‌కి ఇంకా గడువులోనే ఉంటారేమో. ఆఫర్ లెటర్ తీసి చూడమనండి. ఫీజుల అలవెన్సు ఒక్కో పిల్లకు ఎంత, బస్సుకీ ఇస్తారా, అది రాతలో ఉందా లేక హెచ్‌ఆర్ నోటిమాటా? దుబాయ్‌లో సీబీఎస్‌ఈ స్కూళ్లు ఏడాదికి పదివేల దిర్హాముల లోపలా దొరుకుతాయి, అంతకు రెండింతలవీ ఉన్నాయి. పేరున్న బ్రిటిష్ స్కూళ్లలో పెద్ద తరగతులకు 50, 60 వేల దిర్హాములు దాటడం మామూలే. అలవెన్సు ఆగిపోయినా జీతంలోంచి కట్టగలిగే స్కూలునే ఎంచుకోండి. అలవెన్సు చూసుకుని పెద్ద స్కూల్లో వేసి, కంపెనీ మారగానే పిల్లల్ని నడిమధ్యలో మార్చినవాళ్లు నా దగ్గరికి చాలామందే వచ్చారు.

ఇక స్కూలు ఎంపిక. దుబాయ్ ప్రైవేటు స్కూళ్లను అక్కడి ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ పర్యవేక్షిస్తుంది. ప్రతి స్కూలు తనిఖీ నివేదికా, ఫీజుల పట్టికా దాని వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. అక్కడ లేని ఫీజు స్కూలువాళ్లు అడిగితే నిలదీయొచ్చు. ‘అవుట్‌స్టాండింగ్’ నుంచి ‘వెరీ వీక్’ దాకా ఆరు మెట్ల రేటింగులుంటాయి. అందరూ పై పేజీలో ఆ ఒక్క మాటే చూసి మూసేస్తారు. మీరు లోపలికి వెళ్లి హైస్కూలు తరగతుల్లో సైన్స్, లెక్కలకు ఏమిచ్చారో చూడండి. ఏటా ఎంతమంది టీచర్లు మారుతున్నారో కూడా చూడండి, నా దృష్టిలో రేటింగ్ కన్నా అదే ముఖ్యం. 2024-25లో పూర్తిస్థాయి తనిఖీలు ఆపారు. కాబట్టి గేటు మీద బోర్డులో కనిపించే రేటింగ్ ఏ ఏడాదిదో కనుక్కోండి.

సెకండ్ లాంగ్వేజ్ సంగతి ముందే అడగాలి. అక్కడి ఇండియన్ స్కూళ్లలో ఎక్కువగా హిందీ, ఫ్రెంచ్, మలయాళం దొరుకుతాయి. తెలుగు చాలా అరుదు. ఇన్నాళ్లూ తెలుగు ఫస్ట్ లాంగ్వేజ్‌గా చదివిన పిల్లకు తొమ్మిదిలో హిందీ అంటే టెన్షనే. ఇప్పట్నుంచే ట్యూషన్ పెట్టించండి. బాబుకు అరబిక్ ఎలాగూ తప్పనిసరి, చిన్నవాడు కాబట్టి పట్టేస్తాడు.

స్కూలు ఖాయమయ్యాకే ఇల్లు చూసుకోమని మీ వారికి చెప్పండి. అద్దె తక్కువని పక్కనున్న షార్జాలో దిగి దుబాయ్ స్కూల్లో వేస్తే పిల్లలు పొద్దున్నే ఆ ట్రాఫిక్‌లో చిక్కుకుంటారు. పైగా షార్జా స్కూళ్లకు శుక్రవారం సెలవు, దుబాయ్‌లో చదివే మీ పిల్లలకు మాత్రం ఆ రోజు ఒంటిపూట బడి.

ఒక్క పని మాత్రం ఈ వారంలోనే మొదలుపెట్టండి. అక్కడి ఇండియన్ స్కూళ్లు ఏప్రిల్ మొదట్లోనే తెరుస్తారు, మన స్టేట్ సిలబస్ బళ్లలో వార్షిక పరీక్షలు ఏప్రిల్‌లో గానీ అవవు. హెడ్మాస్టర్‌ని కలిసి, పాపకు ఎనిమిది పాసైనట్టు మార్కుల పత్రం, టీసీ ఎప్పటికి ఇవ్వగలరో అడగండి. ఆలస్యమైతే ఎన్నాళ్లు ఆగుతారో అక్కడి స్కూలుతో మెయిల్‌లో రాయించుకోండి. టీసీ మీద జిల్లా విద్యాధికారి సంతకం, ఆపైన విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ ముద్రలు కావాలి. ఏప్రిల్ 24 ప్రాంతంలో సెలవులిచ్చాక బడిలో టీసీ రాసే గుమస్తా కూడా దొరకడు.