67 కార్వెట్ 427: ఇంజన్ అసలుదేనా?

1967 షెవ్రొలే కార్వెట్ కన్వర్టిబుల్, 427 ఇంజన్ (427 క్యూబిక్ అంగుళాలది), 'నంబర్స్ మ్యాచింగ్' (అంటే ఫ్యాక్టరీలో ఆ కారుకే బిగించిన అసలు ఇంజన్) అంటున్నారు, నమ్మొచ్చా అని అడిగారు. విన్ (VIN, కారు గుర్తింపు నంబర్) ఒక్కటే చూసి మాత్రం నమ్మకండి. అది 19467తో మొదలైతే కారు కన్వర్టిబుల్‌గా పుట్టిందని తెలుస్తుంది, అంతే. ఏ ఇంజన్‌తో వచ్చిందో ఆ ఏడాది విన్‌లో ఉండదు. అందుకే చిన్న 327 ఇంజన్‌తో వచ్చిన మామూలు కారులో 427 బిగించి అమ్మేవాళ్లకు పని సులువు.

ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్‌కు ముందు, బ్లాక్ మీద చిన్న చదును భాగం ఉంటుంది. అక్కడ కొట్టిన సీరియల్ నంబర్ విన్‌తో కలవాలి. అక్కడే ఇంజన్ రకం చెప్పే కోడ్ కూడా ఉంటుంది; 435 హార్స్‌పవర్ 427, నాలుగు గేర్లు అంటే అది సాధారణంగా జేఈ (JE). అంకెల కంటే ముఖ్యం, వాటి కింద ఫ్యాక్టరీ మిషన్ వదిలిన సన్నని సమాంతర గీతలు. నున్నగా మెరుస్తోందంటే అరగదీసి మళ్లీ కొట్టారేమోనని అనుమానించాల్సిందే.

పెట్రోల్ ట్యాంక్ మీద ఫ్యాక్టరీలో అతికించిన ఆర్డర్ కాగితం (కారు ఏ ఇంజన్, ఏ ఆప్షన్లతో తయారైందో చెప్పేది) మిగిలి ఉంటే అదృష్టం, దాని ఫొటో అడగండి. బయటి బాడీ ఫైబర్‌గ్లాస్ కాబట్టి తుప్పు పట్టదు, పట్టేది ముఖ్యంగా కింది ఇనుప ఫ్రేమ్‌కి. కారు లిఫ్ట్ మీద ఎక్కించి చూడనివ్వకపోతే అడ్వాన్స్ ఇవ్వొద్దు.