రాళ్లు విసిరితేనే ఓటు వచ్చిందా?

ప్రశ్న: ఓటు కోసం లండన్‌లో స్త్రీలు కిటికీలు పగలగొట్టారనీ, ఇళ్లకు నిప్పు పెట్టారనీ కాలేజీలో చరిత్ర చదువుతున్న మా అమ్మాయి చెబుతోంది. అది న్యాయమేనా? మన మద్రాసులో అలాంటి గొడవ ఏదీ లేకుండానే ఓటు వచ్చింది కదా?
– ఒక పాఠకురాలు, మైలాపూరు, చెన్నై

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండు ఊళ్లనూ ఎరిగిన ఒక స్త్రీ ఉన్నారు. ఐర్లండులో పుట్టిన మార్గరెట్ కజిన్స్ 1910 నవంబరులో లండన్‌లో మంత్రుల ఇళ్ల కిటికీలు పగలగొట్టి, హాలోవే జైలులో నెల రోజుల శిక్ష అనుభవించారు. 1913లో డబ్లిన్‌లోనూ అదే పనిచేసి జైలుకు వెళ్లి, తమను రాజకీయ ఖైదీలుగా చూడాలని నిరాహారదీక్ష పట్టారు. ఆవిడే 1915లో భారతదేశానికి వచ్చి, మన మదనపల్లెలో కాపురముండి, 1917లో అడయారులో భారత మహిళా సంఘం స్థాపనకు ముందు నిలిచారు. ఆ డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల బృందం మద్రాసులో, బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి అయిన మాంటేగును కలిసి ఓటు అడగడం వెనక కూడా ఆవిడ కృషి ఉంది.

రాయి పట్టిన మనిషే ఇక్కడ వినతిపత్రం ఎందుకు పట్టారో తెలియాలంటే లండన్ సంగతి చూడాలి. అక్కడ 1866లోనే స్త్రీలు పార్లమెంటుకు అర్జీ పెట్టారు. ఆ తర్వాత నలభై ఏళ్లపాటు అర్జీల మీద అర్జీలు పెట్టినా ఫలితం లేకపోయింది. 1903లో ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ మాంచెస్టరులో పెట్టిన సంఘం ఆ విసుగులోంచి పుట్టింది. 1910 నవంబరు 18న సుమారు మూడు వందలమంది స్త్రీలు పార్లమెంటుకు బయలుదేరితే, పోలీసులు గంటల తరబడి వారిని కొట్టారు, ఈడ్చారు, అసభ్యంగా తాకారు. అలా ఒళ్లు హూనం చేసుకోవడంకంటే ఒక అద్దం పగలగొట్టి వెంటనే అరెస్టు కావడమే మేలని చాలామందికి అనిపించింది. 1912 మార్చిలో లండన్ బజారు వీధుల్లో, చలికి చేతులు దూర్చుకునే బొచ్చు సంచుల్లోంచి చిన్న సుత్తులు తీసి దుకాణాల అద్దాలు బద్దలుకొట్టారు.

ఇంతవరకూ నేను వారిని తప్పుపట్టలేను. జైలులో అన్నం మానేసినవారిని పట్టి ఉంచి, ముక్కులోంచి రబ్బరు గొట్టం దింపి బలవంతంగా తిండి పోసిన ప్రభుత్వానికి నీతి చెప్పే అర్హత లేదు. అయితే 1913–14లో పెట్టిన బాంబులనూ, ఉత్తరాల పెట్టెల్లో వేసిన రసాయనాలనూ సమర్థించలేను. వాటివల్ల చేతులు కాలినవారు జీతానికి పనిచేసే తపాలా ఉద్యోగులు.

ఆ పోరాటంవల్లనే ఓటు వచ్చిందా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకునే విషయం. మిలిసెంట్ ఫాసెట్ నడిపిన శాంతియుత ఉద్యమం, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో స్త్రీలు చేసిన పనులు కూడా లెక్కలోకి వస్తాయి. 1918లో ముప్ఫై ఏళ్లు నిండి, ఆస్తి అర్హత ఉన్నవారికి మాత్రమే ఓటు ఇచ్చారు. మగవారితో సమానంగా దక్కింది 1928లో.

మద్రాసులో పరిస్థితి వేరు. బ్రిటిష్ ప్రభుత్వం చేసిన 1919 భారత ప్రభుత్వ చట్టం, స్త్రీలకు ఓటు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని రాష్ట్ర శాసనమండళ్లకు వదిలింది. ఓటు అప్పుడు మగవారిలోనూ కొద్దిమందికే ఉండేది, అదీ కొత్తగా వచ్చినదే. 1921లో మద్రాసు మండలి స్త్రీలకు అడ్డు తొలగించింది, బ్రిటిష్ పాలనలోని రాష్ట్రాలన్నిటికంటే ముందుగా. కానీ ఆస్తి నిబంధన అలాగే ఉండిపోయింది. భూమీ ఇల్లూ తమ పేరున లేని స్త్రీలకు ఆ తీర్మానంతో ఒరిగిందేమీ లేదు. మన అవ్వల్లో ఎక్కువమంది మొదటిసారి ఓటు వేసింది 1951–52 ఎన్నికల్లోనే.