ముందు పక్క చుక్కను అనుమానించు

బుజ్జీ,

క్వాసార్ల వెలుగు, అదే దూరపు గెలాక్సీల నడిమి బ్లాక్ హోల్స్ చుట్టూ కాగే వాయువు వెలుగు, ఎలా మారుతుందో చూసే రీసెర్చ్‌లో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గర్వం ఎంత ఉందో దిగులూ అంతే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

మామూలు పనులు నీకు తెలిసినవే. కెమెరాలోని హెచ్చుతగ్గులు సరిచేసే ఫ్లాట్ ఫ్రేములు తీయడం మానకు. మబ్బు, వెన్నెల సంగతి లాగ్‌బుక్‌లో అప్పటికప్పుడే రాసుకో, పొద్దున రాద్దాంలే అనుకుంటే ఇక రాయవు.

నాకు బెంగంతా కంపారిజన్ స్టార్ గురించే. నీ వయసులో నేనొక క్వాసార్ వెంట పడ్డాను. ఫ్రేములో దాని పక్కనున్న చుక్కతో పోల్చి వెలుగు కొలిచేదాన్ని, పల్చటి మబ్బు అడ్డొచ్చినా రెండూ ఒకేలా తగ్గుతాయి కాబట్టి తేడా మారదు కదా. పోల్చడానికి ఒక్క చుక్కే పెట్టుకున్నాను. కొన్నాళ్లకు లైట్ కర్వ్‌లో, అంటే రోజులు గడిచేకొద్దీ వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫ్‌లో, ఒక వింత కనిపించింది, సరిగ్గా అన్నేసి రోజులకోసారి, కొన్ని గంటలపాటు, క్వాసార్ వెలుగు దాదాపు పదో వంతు పెరిగి మళ్లీ మామూలైపోతోంది. బ్లాక్ హోల్ చుట్టూ తిరిగే వేడి వాయువు వెలుగు తోచినట్టు మారుతుందే గానీ ఇలా లెక్క ప్రకారం మారదు. రెండు బ్లాక్ హోల్స్ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయేమో అనుకుని పొంగిపోయి, ఒక మీటింగ్‌లో అందరి ముందూ చెప్పేశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం, ఊరికే చూద్దామని, ఆ పక్క చుక్కను ఇంకో చుక్కతో పోల్చి గ్రాఫ్ గీశాను. సరిగ్గా అవే గంటల్లో గుంటలు! నా క్వాసార్ పెరగలేదమ్మా, పక్క చుక్కే తగ్గింది. అది జంట నక్షత్రం, ఒకటి రెండోదానికి అడ్డొచ్చినప్పుడల్లా గ్రహణం.

తప్పు అందరూ చేస్తారు. ఆ గ్రాఫ్‌ను సొరుగులో పెట్టి మూడు నెలలు ఎవరికీ చెప్పకుండా ఉన్నానే, అదీ నేను చేసిన పాడు పని. ఈలోగా వేరే గ్రూపులో ఒక కుర్రాడు నా మాట నమ్మి ఎన్నో రాత్రులు ఆ క్వాసార్ మీదే ఖర్చు పెట్టాడు. టెలిస్కోప్ దగ్గర ఒక్క రాత్రి దొరకడం ఎంత కష్టమో నీకూ తెలుస్తుందిలే. 1991లో ఖగోళ శాస్త్రవేత్త ఆండ్రూ లైన్ బృందం ఒక పల్సార్ చుట్టూ, అంటే లెక్క తప్పకుండా రేడియో మినుకులు పంపే చచ్చిన నక్షత్రం చుట్టూ, గ్రహం ఉందని ప్రకటించింది, తీరా చూస్తే భూమి కక్ష్య కోసం చేసిన సవరణలో పొరపాటు. 1992 జనవరిలో ఆయనే సభలో నిలబడి ఆ సంగతి చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. అది చదివినప్పుడల్లా నాకు ఆ సొరుగే గుర్తొస్తుంది.

కనీసం నాలుగైదు చుక్కలు పెట్టుకో, రంగులో, వెలుగులో నీ క్వాసార్‌కు దగ్గరగా ఉండేవి. వాటిని ఒకదానితో ఒకటి పోల్చకుండా ఏదీ నమ్మకు. ఈ ఒక్క విషయంలో బద్ధకిస్తే మాత్రం నేనూరుకోను.

పగలు మందపాటి కర్టెన్ వేసుకుని పడుకో తల్లీ. వీలైతే ఒకసారి 3సి 273 అనే క్వాసార్‌ని ఐపీస్‌లోంచి కంటితో చూడు. చిన్న చుక్క, పక్కవాటికీ దానికీ తేడానే తెలియదు, కానీ ఆ వెలుగు బయల్దేరి 200 కోట్ల ఏళ్లు దాటింది. నేను చూసిన రాత్రి చాలాసేపు మాట్లాడలేకపోయాను.

మొదటి నెల గ్రాఫులు నాకు పంపు. ముందు పక్క చుక్కలవి పంపు.

మీ పెద్దమ్మ