సమాధానం: ప్రొపోఫాల్‌కి మారాక ఈసీటీలో ఫిట్ చాలడం లేదంటే

కడప డాక్టర్ గారూ, ఈసీటీకి (మత్తిచ్చి తలకు కరెంటు పెట్టి ఫిట్ తెప్పించే మానసిక చికిత్స) వాడే మత్తుమందు థయోపెంటోన్ దొరక్క, దాని బదులు ప్రొపోఫాల్ మొదలెట్టాక ఫిట్ 12 సెకన్లకే ఆగిపోతోందన్నారు. మెషీన్ తప్పు కాదు, ఆ మందు తీరే అంత. కిలోకి 2 మిల్లీగ్రాములంటే ఎక్కువే. 1కి దించి చూడండి. ఇచ్చిన వెంటనే బటన్ నొక్కొద్దు. ఒకటిన్నర నిమిషం ఆగి, ఈలోగా మాస్క్‌తో ఆక్సిజన్ గబగబా కొట్టించండి. కార్బన్ డయాక్సైడ్ తగ్గితే ఫిట్ నిలబడుతుంది. కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ పడ్డాక మెలకువ రాకుండా మాత్రం కనిపెట్టుకోవాలి.

రాత్రి లోరాజెపామ్ (ఫిట్‌ను అణిచే నిద్రమందు) పడుతోందేమో కేస్‌షీట్ తిప్పండి, అసలు దొంగ తరచూ అక్కడే ఉంటాడు. ఇవన్నీ అయ్యాకే ఛార్జ్ (ఇచ్చే కరెంటు మోతాదు) జోలికి వెళ్లండి. థయోపెంటోన్ మీద తేల్చిన థ్రెషోల్డ్‌ను (ఫిట్ రావడానికి చాలే కనీస ఛార్జ్) నమ్మొద్దు, మళ్లీ టైట్రేట్ చేయండి, అంటే కొద్దికొద్దిగా పెంచుతూ తేల్చండి: ఎలక్ట్రోడ్లు తలకు రెండు వైపులా పెడితే ఆ థ్రెషోల్డ్‌కి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు, కుడివైపు మాత్రమే అయితే ఆరు రెట్లు. ఎటోమిడేట్ అనే మత్తుమందు దొరికితే కిలోకి 0.2 మిల్లీగ్రాములతో ఫిట్ బాగా వస్తుంది, కాకపోతే ఒళ్లు అదురుతుంది.