ఎయిర్‌పోర్టు లౌంజ్ సభ్యత్వం తీసుకోవాలా? ఏడాదిపాటు లెక్క రాసుకున్నాక నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: హైదరాబాద్‌లో ఉంటారు, ఆఫీసు పని మీద నెలకోసారి బెంగళూరు వెళ్లొస్తారు, ఏడాదికోసారి భార్యతో, ఆరేళ్ల బాబుతో అమెరికాలో అక్కగారింటికి వెళ్తారు. చాలా దేశాల ఎయిర్‌పోర్టుల్లో లౌంజ్‌లలోకి, అంటే సోఫాలు, తిండి ఉండే వెయిటింగ్ హాళ్లలోకి, ఎంట్రీ అమ్మే ప్రయారిటీ పాస్ అనే కంపెనీలో 469 డాలర్ల సభ్యత్వం తీసుకుంటే గిట్టుబాటు అవుతుందా అని అడుగుతున్నారు. నా జవాబు ముందే చెప్పేస్తాను, మీకు గిట్టదు. ఎందుకో కింద రాస్తున్నాను, కొంచెం పెద్దదే.

నేను ఫార్మా కంపెనీలకు మెషీన్లు బిగించే సంస్థలో సర్వీస్ ఇంజనీర్‌ని. పరవాడ ఫ్యాక్టరీల కోసం విశాఖ, బద్దీ కోసం చండీగఢ్, మధ్యలో అహ్మదాబాద్. ఎప్పుడూ భుజాన బ్యాగే. మూడేళ్ల కింద నాకూ మీలాగే ఈ పిచ్చి పట్టింది. ఇంత తిరుగుతున్నాం కదా, సోఫాలో కూర్చుని కాఫీ తాగే యోగం మనకెందుకు ఉండకూడదు అని.

కొనే ముందు మా ఆవిడ ఒక మాట అంది. "ముందు ఏడాదిపాటు ఎన్నిసార్లు వెళ్లే అవకాశం వచ్చిందో రాసి చూడండి, తర్వాత కొనండి." ఫోన్‌లో నోట్స్ తెరిచి 2024 మొత్తం రాశాను. ఆ ఏడాది 13 ట్రిప్పులు, అంటే రానూపోనూ 26 సార్లు ఎయిర్‌పోర్టులో అడుగుపెట్టాను. అందులో సెక్యూరిటీ దాటాక నా చేతిలో గంట కంటే ఎక్కువ టైమ్ మిగిలింది ఎన్నిసార్లో ఊహించండి. తొమ్మిది. ఆ తొమ్మిదిలో రెండుసార్లు లౌంజ్ బయట క్యూ చూసి వెనక్కి తిరిగాను. మిగిలినవి ఏడు.

26 ఎందుకు ఏడైందంటే, మనం ఎయిర్‌పోర్టులో గడిపే టైమ్ తగ్గిపోయింది. జేఎన్‌టీయూ దగ్గర పుష్పక్ బస్సు ఎక్కితే ఔటర్ మీదుగా శంషాబాద్ చేరడానికి ఎంత పడుతుందో నాకు అలవాటే. వెబ్ చెకిన్ ఇంట్లోనే అయిపోతుంది. చెకిన్ లగేజీ లేదు. డిజియాత్రలో ముఖం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. మిగిలేది సెక్యూరిటీ లైను ఒక్కటే. ఇవన్నీ ఉన్నాక మూడు గంటల ముందు వెళ్లి ఏం చేస్తాం? దేశంలో చాలా విమానాలకు బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందే మూసేస్తారు. లౌంజ్ ఏమో ఒక మూల ఉంటుంది, మన గేటు ఇంకో చివర ఉంటుంది. గంట మిగిలిందనుకుంటే అందులో నిజంగా కూర్చునేది అరగంట.

ఈ సభ్యత్వాలు అమ్మేవాళ్లు "ఏడాదికి ఎన్నిసార్లు ప్రయాణిస్తారు" అని అడుగుతారు. మీరు వేసుకోవాల్సిన ప్రశ్న "ఎన్ని గంటలు ఖాళీగా కూర్చుంటారు" అన్నది.

ఇప్పుడు డబ్బుల సంగతి. నేను చూసినప్పుడు ప్రయారిటీ పాస్ డాలర్ ధరలు మూడు రకాలు. మొదటిది ఏడాదికి 99 డాలర్లు, వెళ్లిన ప్రతిసారీ మళ్లీ 35. రెండోది 329, పది విజిట్లు ఉచితం, ఆ తర్వాత 35 చొప్పున. మూడోది మీరు అడిగిన 469, ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు. డాలర్ 85 రూపాయల లెక్కన వేస్తే మొదటిది 8,400, రెండోది 28,000, మూడోది దాదాపు 40,000. ఒక్క విజిట్ ధర మూడు వేలకు ఓ పాతిక తక్కువ.

మొదటిదాన్ని చూస్తే నాకు నాంపల్లి నుమాయిష్ గుర్తొస్తుంది. ఎంట్రీ టికెట్ కొనాలి, లోపలికెళ్లాక జెయింట్ వీల్‌కి మళ్లీ టికెట్ కొనాలి. నుమాయిష్‌లో కనీసం ఎంట్రీ టికెట్ చవక. ఇక్కడ 8,400 కట్టేది ఇంకో మూడు వేలు కట్టే హక్కు కోసం.

మిగతా రెండింటి లెక్క మీరే వేసుకోవచ్చు. ఏడు విజిట్లు వస్తే మొదటిదాని కంటే రెండోది మేలు. పద్నాలుగు వస్తే రెండోదీ మూడోదీ సమానం, పదిహేనో విజిట్ నుంచే 469 డాలర్లది లాభం. అంటే ఏడాదికి పదిహేనుసార్లు తీరిగ్గా కూర్చునేంత టైమ్ ఉండాలి. 26 సార్లు ఎయిర్‌పోర్టుకు వెళ్లిన నాకే ఏడు వచ్చాయి.

ఇదంతా "విజిట్ విలువ మూడు వేలు" అని ఒప్పుకుంటేనే. నేను ఒప్పుకోను. లౌంజ్ లేకపోతే నేను బయట ఏం చేసేవాణ్ణి? ఫుడ్ కోర్టులో ఒక దోసె, ఒక కాఫీ. నాకైతే 400 దాకా అవుతుంది. ఏడుసార్లకు 2,800. నాకు నిజంగా మిగిలేది అంతే. దానికోసం 28,000 పెడితే మా ఆవిడ ఏమంటుందో ఇక్కడ రాయలేను.

సభ్యత్వం మీ ఒక్కరికే అన్నది ఇంకో సంగతి. 469 కట్టినా మీ పక్కన వచ్చేవాళ్లు గెస్టులే, తలకు 35 డాలర్లు. ఆరేళ్ల బాబును చాలా లౌంజ్‌లలో ఉచితంగా రానివ్వరు. ఉచితం మామూలుగా రెండేళ్ల లోపు పిల్లలకే. మీరు అమెరికా వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి లౌంజ్‌లోకి వెళ్తే భార్యకూ బాబుకూ కలిపి 140 డాలర్లు అదనంగా కట్టాలి. లేదంటే మీరు లోపల సోఫాలో, వాళ్లు బయట స్టీలు కుర్చీల్లో. ఆ తర్వాత పద్నాలుగు గంటల విమానంలో పక్కపక్కనే కూర్చోవాలి మరి.

సభ్యత్వం కొనకుండా లౌంజ్‌కి వెళ్లడం ఎలా అంటే, మీ దగ్గర ఉన్న క్రెడిట్ కార్డు చూడండి. డెబిట్ కార్డైనా సరే, కొన్ని రూపే కార్డులకు కూడా ఈ సౌకర్యం ఉంది. కౌంటర్‌లో కార్డు గీస్తే రెండు రూపాయలు కట్ అవుతాయి, కొన్నిటికి పాతిక. అది కార్డు పనిచేస్తోందో లేదో చూసే పద్ధతి, అంతకంటే ఏమీ లేదు. అసలు ఖర్చు బ్యాంకు భరిస్తుంది. ఆ ఖర్చు భారమై, 2023 చివరి నుంచి బ్యాంకులు షరతులు పెట్టడం మొదలుపెట్టాయి. మూడు నెలల్లో 35,000 ఖర్చు పెడితేనే అని ఒకరు, లక్ష పెడితేనే అని ఇంకొకరు. దీంట్లో ఒక మెలిక ఉంది. కొన్ని కార్డులకు జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పెట్టిన ఖర్చును బట్టి ఏప్రిల్, మే, జూన్‌లో లౌంజ్ ఇస్తారు. నెల ముందు టీవీ కొన్నాం కదా అని ధీమాగా వెళ్లి కౌంటర్ దగ్గర ఖంగుతిన్నవాళ్లను చూశాను. ప్రయాణానికి ముందు బ్యాంకు యాప్‌లో ఒకసారి చూసుకోండి.

ఇక నా ఘనకార్యం. 2023లో నాకు కొత్త క్రెడిట్ కార్డు వచ్చింది. దాంతోపాటు నల్లటి ప్రయారిటీ పాస్ కార్డు కూడా పంపారు. ఆ నలుపు, ఆ అక్షరాలు చూసి మురిసిపోయాను. అహ్మదాబాద్ వెళ్తుంటే నాతో కొత్తగా చేరిన కుర్రాడు ఉన్నాడు. "రా తమ్ముడూ, లోపల కూర్చుందాం" అని బాస్‌లాగా తీసుకెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి "సార్, క్రెడిట్ కార్డు ఇస్తారా, పాస్ ఇస్తారా?" అని స్పష్టంగా అడిగింది. నేను నల్ల కార్డే తీసి ఇచ్చాను, స్టైల్‌గా ఉంటుందని. ఉప్మా తిన్నాం, రెండు వడలు, కాఫీ. కుర్రాడు పెరుగన్నం కూడా తిన్నాడు, వయసు మరి.

నెల తిరిగాక స్టేట్‌మెంట్‌లో రెండు ఎంట్రీలు. తలకు 27 డాలర్లు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఇద్దరికీ కలిపి 5,300 దాకా. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ఆ పాస్ విదేశీ లౌంజ్‌లలో మాత్రమే ఉచితమనీ, దేశంలో అయితే క్రెడిట్ కార్డే గీయాలనీ చెప్పారు. నిబంధనల కాగితంలో నిజంగానే ఉంది, నేనే చదవలేదు. రెండు రూపాయలతో పోయేదానికి అంత వదిలింది. ఆ కుర్రాడికి ఇప్పటికీ చెప్పలేదు.

కాబట్టి మీ కార్డుతో పాటు ఇలాంటి పాస్ వచ్చి ఉంటే రెండు విషయాలు చూడండి. దేశంలో దేనితో వెళ్లాలి, విదేశంలో దేనితో వెళ్లాలి. గెస్టుకు ఎంత అన్నది మూడోది. ఇవి తెలియకుండా కౌంటర్ దగ్గరికి వెళ్లకండి.

లోపల ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఫొటోల్లో చూసేది వేరు. ఉదయం ఆరు గంటలకు మన దేశంలో ఏ లౌంజ్‌కైనా వెళ్లండి. పెళ్లిలో మొదటి బంతి లేచేదాకా కుర్చీ వెనక నిలబడతారే, అచ్చం అలాగే. తినేవాడి ప్లేటు వంక చూస్తూ ఇద్దరు నిలబడి ఉంటారు. నేనొకసారి ట్రాలీ బ్యాగు నిలబెట్టి దాని మీద ప్లేటు పెట్టుకుని ఇడ్లీ తిన్నాను. సాంబారు హ్యాండిల్ మీద ఒలికి, చండీగఢ్ దాకా అదే వాసన. అదే మధ్యాహ్నం మూడింటికి వెళ్తే స్వర్గం. ప్లగ్గు పాయింటు దొరుకుతుంది, శుభ్రమైన బాత్‌రూమ్ ఉంటుంది, సైట్ రిపోర్టు టైప్ చేసుకోవచ్చు. నా దృష్టిలో లౌంజ్ విలువ తిండిలో లేదు, ఆ టేబుల్‌లో ఉంది. మందు కొట్టేవాళ్ల లెక్క వేరు, దాని జోలికి నేను పోను.

విమానం లేటైతే లౌంజ్ ఆదుకుంటుందని చాలామంది అనుకుంటారు. డిసెంబరులో పొగమంచు వల్ల ఉత్తరాదిలో ఒకచోట ఐదు గంటలు ఇరుక్కుపోయాను. అలాంటి రోజు అందరిదీ లేటే, అందరూ లౌంజ్‌కే వస్తారు. పైగా చాలాచోట్ల రెండు మూడు గంటలే ఉండనిస్తారు. బయటికి వచ్చాక ఎయిర్‌లైన్ కౌంటర్‌లో అడిగితే శాండ్‌విచ్, జ్యూస్ ఇచ్చారు. అడిగితేనే సుమా. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, విమానం రెండు గంటలకు మించి ఆలస్యమైనప్పుడు తినడానికి ఏదైనా ఇవ్వాలి. బెంగళూరు మీకు ఈ లెక్కలోకే వస్తుంది. సభ్యత్వం అక్కర్లేదు, బోర్డింగ్ పాస్ చాలు.

తిండి కోసమే అయితే ఇంటి నుంచి పట్టుకెళ్లడంలో తప్పేం లేదు. పులిహోర, చపాతీలు సెక్యూరిటీ దగ్గర ఎవరూ ఆపలేదు నన్ను. పచ్చడి మాత్రం చేతి సంచిలో వద్దు, నూనె ఉందని తీయించేస్తారు. ఖాళీ సీసా తీసుకెళ్తే లోపల నీళ్లు పట్టుకోవచ్చు. కోల్‌కతా, చెన్నై ఎయిర్‌పోర్టుల్లో ఉడాన్ యాత్రీ కేఫ్‌లు పెట్టారు. 2024 డిసెంబరులో కోల్‌కతాలో మొదలైనప్పుడు టీ 10 రూపాయలు, సమోసా 20. ఇలాంటివి అన్నిచోట్లా వస్తే సగంమంది లౌంజ్ మాటే ఎత్తరు.

ఇంత చెప్పి, లౌంజ్‌కి నేను మనస్ఫూర్తిగా డబ్బు కట్టిన సందర్భం కూడా చెప్పాలి. అమ్మానాన్నలను డల్లాస్‌లో తమ్ముడింటికి తీసుకెళ్లినప్పుడు దోహాలో ఐదు గంటల ఆగుడు. నాన్నకు 74, మోకాళ్ల నొప్పులు. వీల్‌చెయిర్ తోసుకొచ్చిన అబ్బాయి ఆ ఎయిర్‌పోర్టులో ఉండే పసుపు రంగు పెద్ద ఎలుగుబంటి బొమ్మ పక్కన దింపి, బోర్డింగ్ టైమ్‌కి వస్తానని వెళ్లిపోయాడు. నాన్న తల పైకెత్తి దాన్ని చూసి, "ఏరా, ఇంత బొమ్మ ఎందుకురా ఇక్కడ? దీని బదులు నాలుగు మంచాలు వేయొచ్చుగా" అన్నారు.

క్రెడిట్ కార్డుతో వచ్చిన ఆ నల్ల పాస్‌లో నాకు ఉచితం, వాళ్లిద్దరికీ గెస్టు చార్జీ. ఆలోచించకుండా కట్టాను. లోపల నాన్న బూట్లు విప్పి, కాళ్లు చాపి గంటన్నర నిద్రపోయారు. అమ్మ బఫే దగ్గర తెల్లన్నం, చిన్న కప్పుల్లో పెరుగు కనిపెట్టి, చేతి సంచిలోంచి కరివేపాకు పొడి పొట్లం తీసింది. మందులు వేసుకునే ముందు కడుపులో ఇంత పెరుగన్నం పడింది. ఆ డెబ్బై డాలర్లకు నేను ఎప్పుడూ బాధపడలేదు.

మీకూ అదే చెప్తాను. సభ్యత్వం వద్దు. అమెరికా టికెట్లు ఖాయమయ్యాక మధ్యలో ఎన్ని గంటలు ఆగాలో చూడండి. రెండు గంటలైతే గేటు మారడానికే సరిపోతుంది, లౌంజ్ ఊసే వద్దు. నాలుగు దాటితే ఆ ఎయిర్‌పోర్టులో ఏ లౌంజ్ మీ టెర్మినల్‌లోనే ఉందో, ముగ్గురికీ ఎంతవుతుందో ముందే చూసి ఆ ఒక్కసారికి కట్టండి. కొన్నిచోట్ల ఆన్‌లైన్‌లో ముందుగా బుక్ చేసుకుంటే స్నానానికి షవర్ ఉందో లేదో కూడా తెలుస్తుంది, పిల్లాడున్నప్పుడు అది పెద్ద ఊరట. బెంగళూరు నుంచి సాయంత్రం తిరుగు ప్రయాణంలో ట్రాఫిక్‌కి భయపడి త్వరగా బయల్దేరుతారు కదా, మీకు నిజంగా టైమ్ మిగిలేది అక్కడే. దానికి మీ క్రెడిట్ కార్డు చాలు.

ఈ ఏడాది మళ్లీ తమ్ముడింటికి టికెట్లు చూస్తున్నాను. నాన్న ఫోన్ చేసి ఏ ఎయిర్‌లైన్ అని అడగలేదు, ఎంత అని అడగలేదు. "దోహా మీదుగానేనా? అక్కడ పెరుగు పుల్లగా లేదురా" అన్నారు.